నాకెందుకే ఈ వయసులో!

ఇరవయ్యేళ్ళుగా నవలలు రాస్తున్నాను. ఈ ఇరవయ్యేళ్ళలో నా కథానాయికల గుండెలు ఎన్నిసార్లు ఝల్లుమన్నాయో, ఎన్నిసార్లు దడదడలాడాయో, ఎన్నిసార్లు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టుకున్నాయో లెక్క తీస్తే నాకే సిగ్గేస్తుంది. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, పాపం ఆ పిల్ల గుండె లయ తప్పేది. పాఠకురాళ్ళు మెచ్చుకునేవారు, నేనూ మురిసిపోయేదాన్ని. నిజంగా ఒక మనిషికి గుండె లయ తప్పితే ఎలా ఉంటుందో మాత్రం మా అత్తగారి పుణ్యమా అని తెలిసింది. అందులో శృంగారం బొత్తిగా లేదు. భయం ఉంది, నీరసం ఉంది, అన్నిటినీ మించి ఎవరికీ చెప్పుకోలేని మొహమాటం ఉంది.

మా అత్తగారిది రామతీర్థం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వెళ్తే పది పన్నెండు కిలోమీటర్లు. కొండమీద ఒక కోవెల, దిగువన ఒక కోవెల, ఆ ప్రాంగణంలోనే శివుడూను. శ్రీరామనవమికి కల్యాణం ఎంత ఘనంగా జరుగుతుందో, శివరాత్రికి జాతరా అంత ఘనంగానూ జరుగుతుంది. మామగారు పోయాక విశాఖపట్నంలో మా దగ్గర ఉండమని ఎంత బతిమాలినా వినలేదు. "గుడి గంట వినబడని చోట నాకు నిద్ర పట్టదే అమ్మా" అంటూ ఆ పాత పెంకుటింట్లోనే ఉండిపోయారు. తన వంట తనే చేసుకుంటారు, తన తులసికోటకి తనే నీళ్ళు పోసుకుంటారు.

నవమి వస్తోందంటే ఆవిడకి నెల రోజుల ముందునుంచే హడావుడి. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరి, నూకలు చెరిగి, పసుపు కలిపి, స్టీలు డబ్బాలో పోసి తలంబ్రాలకని స్వయంగా పట్టుకెళ్ళడం పెళ్ళయి కాపురానికి వచ్చిన నాటినుంచీ అలవాటు. 2020 డిసెంబరులో కొండమీద కోవెల్లో రాములవారి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేస్తే, ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టు రెండురోజులు అన్నం ముట్టలేదు. 2022 ఏప్రిల్లో కోవెల మళ్ళీ కట్టి, కొత్త విగ్రహాలు ప్రతిష్ఠించినప్పుడు మేమంతా కొండెక్కాం. ఆవిడ ఎక్కలేదు. "మోకాళ్ళే" అన్నారు. సరే, ఆ వయసుకి మోకాళ్ళు సహజం. 2023 నవమికి దిగువ కల్యాణానికి కూడా వెళ్ళకుండా బియ్యం డబ్బా పక్కింటి పిల్ల చేత పంపించారు. అప్పుడూ మోకాళ్ళే. 2024లోనూ మోకాళ్ళే. మేమెవరం ఆ మోకాళ్ళని అనుమానించలేదు.

ఆ ఏడాది వేసవిలో నేను వెళ్ళినప్పుడు ఇద్దరం వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాం. మాట్లాడుతున్న మనిషి ఠక్కున ఆగి, ఛాతీమీద చెయ్యి వేసుకుని, గోడకి ఆనుకున్నారు. నుదుట చెమట.

"ఏమైందత్తయ్యా?"

"ఏటీ లేదు. లోపల కప్ప గెంతుతోంది. కాసేపటికి అదే ఊరుకుంటుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళయి ఉంటుంది. అబ్బాయికి చెప్పకు."

చెప్పాను. ఇలాంటి విషయాల్లో మాట తప్పడం ధర్మమే లెండి. విశాఖపట్నం తీసుకెళ్ళి ఇ.సి.జి. తీయించాం. తర్వాత ఒంటికి ఒక చిన్న పెట్టె కట్టి రాత్రింబవళ్ళు గుండె నడక రాయించాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. పై గదిలో ఒక మూల పుట్టే చిన్న విద్యుత్తు మొత్తం గుండెకి తాళం వేస్తుంది. ఈ జబ్బులో ఆ తాళం చెదిరి పై గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతాయి. పెళ్ళి పందిట్లో నలుగురు మేళగాళ్ళు నాలుగు తాళాలు వాయించినట్టన్నమాట. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్ళకి పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు. అంచేత రక్తం గడ్డకట్టకుండా మందు వాడాలి. దీనిమీద డాక్టరుకీ మాకూ ఏ వాదనా లేదు.

వాదన అంతా రెండో సంగతి మీద వచ్చింది. కప్ప గెంతకుండా చెయ్యడం ఎలా? గుండె వేగాన్ని తగ్గించే మాత్రలున్నాయి. లయని సరిచేసే మాత్రలున్నాయి. అవి సరిపడకపోతే కేథటర్ ఎబ్లేషన్ అని ఒకటి ఉంది. తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నటి గొట్టాల్ని గుండె దాకా పంపుతారు. ఊపిరితిత్తులనుంచి వచ్చే సిరలు గుండెలో కలిసే చోట చుట్టూ వేడితోనో, చలితోనో, ఈమధ్య వచ్చిన కొత్త పద్ధతిలో అయితే విద్యుత్ స్పందనలతోనో చిన్న చిన్న మచ్చలు వేస్తారు. మచ్చ పడిన చోటునుంచి తప్పుడు విద్యుత్తు దాటలేదు. పక్క చేలో నీళ్ళు మన మడిలోకి రాకుండా గట్టు వేసినట్టు. ఛాతీ కొయ్యక్కర్లేదు. అయినా గుండె గుండే కదా! నూటికి కొద్దిమందికైనా గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం రావడం వంటి ప్రమాదాలు ఉంటాయి. ఒక్కొక్కరికి మళ్ళీ చెయ్యవలసీ వస్తుంది.

ఇక చూడండి మా ఇంట్లో మహాసభ. అమెరికా నుంచి మా మరిది, "డబ్బు సంగతి వదిలెయ్ అన్నయ్యా, వెంటనే చేయించెయ్" అన్నాడు. బెంగుళూరు నుంచి మా ఆడపడుచు, "78 ఏళ్ళ మనిషి గుండెలోకి తీగలు పంపిస్తారా వదినా? ఏమైనా అయితే?" అని ఏడిచింది. మావారు ఏ పూట ఎవరు ఫోన్ చేస్తే ఆ పూట వాళ్ళ పక్షం. చూడ్డానికి వచ్చిన బంధువొకావిడ మాత్రం పెదవి విరిచి, "ఈ వయసులో అంత ఖర్చు ఎందుకు, కృష్ణా రామా అనుకోక" అని తేల్చేసింది.

మరి మా అత్తగారేమన్నారంటారా? "నాకెందుకే ఈ వయసులో!" అన్నారు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఆవిడే వద్దన్నారు గనక ఆస్పత్రి చుట్టూ తిరగక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు, ఏదైనా అయితే జీవితాంతం మోయవలసిన బరువు నెత్తిన పడదు. పైగా, "పెద్దావిడ ఇష్టాన్ని గౌరవించాం" అని నలుగురితో గొప్పగా చెప్పుకోవచ్చు. నా నవలల్లో ప్రతి నాయికా తన జీవితం గురించి తనే నిర్ణయించుకుంటుంది. దానికోసం పేజీలకి పేజీలు ఉపన్యాసాలు కూడా ఇస్తుంది. మా అత్తగారి నిర్ణయాన్ని మాత్రం నేను నాలుగు మాటల్లో పుచ్చేసుకున్నాను.

ఆ వారం నిద్ర పట్టక ఈ గుండె గొట్టాల చరిత్ర చదివాను. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అని పాతికేళ్ళ కుర్ర డాక్టరు ఉండేవాడు. చేతి నరంలోంచి గొట్టాన్ని గుండెదాకా పంపవచ్చని అతని నమ్మకం. పై అధికారి ఒప్పుకోలేదు. గెర్డా డిట్జెన్ అనే నర్సు, కావలిస్తే నామీద చెయ్యమని ముందుకొచ్చింది. అతను ఆవిణ్ణి బల్లకి కట్టి, ఆవిడకే చేస్తున్నట్టు నటించి, ఈలోగా తన చేతిలోంచే గొట్టం ఎక్కించుకున్నాడు. తర్వాత ఆవిణ్ణి విప్పి, ఇద్దరూ కలిసి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళారు. 1956లో అతనికి నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్మన్ అనే డాక్టరు గుండెలోకి పంపిన గొట్టం ద్వారానే పై గదులకీ కింది గదులకీ మధ్య దారిని మూసి చూపించాడు. 1998లో ఫ్రాన్సులో బోర్డోలో మిషెల్ హైసగేర్ బృందం, ఈ ఫిబ్రిలేషన్ రేపే తప్పుడు దెబ్బలు చాలావరకు ఊపిరితిత్తుల సిరల్లో పుడతాయని కనిపెట్టింది. ఇప్పటి గట్లన్నీ ఆ సిరల చుట్టూనే.

ఆ కథ మొత్తంలో నా మనసు గెర్డా దగ్గరే ఆగిపోయింది. ఆవిడ సరేనంది, పాపం. ఆ సరేనన్న మాటకి విలువ లేకుండా ఇంకొకరు మంచి ఉద్దేశంతోనే ఆవిణ్ణి బల్లకి కట్టేశారు. మేం చేస్తున్నదీ అదే కదా అనిపించింది. మా మరిది ప్రేమ ఒక తాడు, మా ఆడపడుచు భయం ఇంకో తాడు, నా హాయి మూడో తాడు.

అంకెలు కూడా చదివాను. 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో పది దేశాలవాళ్ళు 2204 మందిని సగం సగం చేసి, ఒక జట్టుకి ఎబ్లేషన్, ఇంకో జట్టుకి మందులు ఇచ్చి నాలుగేళ్ళ పాటు చూశారు. చావు, కాళ్ళూ చేతులూ పడగొట్టే పక్షవాతం, పెద్ద రక్తస్రావం, గుండె ఆగిపోవడం, ఇవన్నీ కలిపి లెక్కేస్తే రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. విడిగా వయసుల వారీగా చూసినప్పుడూ, 75 దాటినవాళ్ళకి దీనివల్ల ఆయుష్షు పెరిగిన జాడ లేదు. అయితే మళ్ళీ మళ్ళీ లయ తప్పడం తగ్గింది. రోజులు బాగా గడుస్తున్నాయని ఎబ్లేషన్ చేయించుకున్నవాళ్ళే ఎక్కువ చెప్పారు. అది ఉత్త నమ్మకమేమోనని మీకు అనుమానం రావచ్చు. 2024లో ఇంగ్లండులో 126 మందిలో సగంమందికి నిజంగా చేసి, సగంమందికి చేసినట్టు నటించి చూశారు. నిజంగా చేసినవాళ్ళకే ఎక్కువ ఉపశమనం కనిపించింది.

అంటే ఏమిటన్నమాట? నలభైల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు గానీ, మా అత్తగారి వయసువాళ్ళకి ఈ గొట్టం ఏళ్ళు తెస్తానని మాట ఇవ్వడం లేదు. రోజుల్ని కాస్త నెమ్మదిపరుస్తానంటోంది, అంతే. ఏళ్ళు అయితే డాక్టరు లెక్క కట్టగలడు, కొడుకు ఖర్చు లెక్క కట్టగలడు. ఒక మనిషి రోజు ఎలా గడుస్తోందో ఇంకెవరు లెక్క కడతారు? ఆ కప్ప గెంతినప్పుడు ఆవిడ ఏమేం మానుకున్నారో ఆవిడకి తప్ప ఎవరికి తెలుసు? మేం ఇంటిల్లిపాదీ ఎడతెగకుండా వాదించుకున్నాం గానీ, జవాబు తెలిసిన ఒక్క మనిషినీ ఎవరం సరిగ్గా అడగలేదు.

ఆ శనివారం రామతీర్థం వెళ్ళాను. రాత్రి వసారాలో పక్కపక్కనే మంచాలు వేసుకుని పడుకున్నాక అడిగాను. "చేయించుకుంటారా?" అని కాదు. "అత్తయ్యా, ఆ కప్ప గెంతకపోతే మీరేం చేస్తారు?" అని.

చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"కల్యాణానికి వెళ్తాను" అన్నారు చివరికి.

"మరి మోకాళ్ళో?"

"మోకాళ్ళు కావే. అంత జనంలో కళ్ళు తిరిగి పడిపోతే? కల్యాణం చూడ్డం మానేసి అందరూ నా చుట్టూ చేరితే? ఎంత అప్రతిష్ఠ!" కాస్త ఆగి మళ్ళీ అన్నారు. "రాత్రిళ్ళు కూడా భయమే. చావంటే కాదు. తెల్లారి పాలపిల్ల తలుపు కొడితే నేను తియ్యలేదనుకో, ఆ పిల్ల జడుసుకుంటుంది కదా!"

చీకట్లో నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళుగా ఆవిడ భయపడుతున్నది కూడా తనకోసం కాదు.

ఆ తరం ఆడవాళ్ళ సంగతి మీకు తెలీనిదేముంది? ఆఖరి బంతిలో కూర్చోవడం, ఉన్నదేదో తినడం, గిన్నె అడుగంటితే "నాకు ఆకలిగా లేదు" అనడం. వంటింట్లో "నాకు ఆకలిగా లేదు" అన్న మాటే ఆస్పత్రికి వచ్చేసరికి "నాకెందుకే ఈ వయసులో" అయింది. మనం అప్పుడూ నమ్మేశాం, ఇప్పుడూ నమ్మేస్తాం. ఎందుకంటే నమ్మడం మనకి సుఖం.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి మావారినీ నన్నూ నోరు మూసుకుని కూర్చోమన్నారు మా అత్తగారు. ఆవిడే అడిగారు.

"ఇది చేయించుకుంటే ఎక్కువకాలం బతుకుతానా బాబూ?"

"అలా అని చెప్పలేనమ్మా."

"ఆ రక్తం పలచబడే మందు మానెయ్యొచ్చా?"

"మీ వయసుకి అది మానకూడదమ్మా."

"మరేటి వస్తుంది?"

"కప్ప గెంతడం తగ్గొచ్చు. పూర్తిగా పోకపోవచ్చు కూడా."

ఆవిడ తల పంకించి, "నిజం చెప్పావు. ఆలోచించుకుంటాను" అన్నారు. వయసు అంకె ఒక్కటే చూసి కాదంటానికి లేదని కూడా అప్పుడే తెలిసింది. నడక, జ్ఞాపకం, మూత్రపిండాలు, ఒంట్లో సత్తువ, అన్నీ చూసి ఆవిడ తట్టుకోగలరన్నారు డాక్టరు. ముందు కొన్ని నెలలు మాత్రలు వాడి చూశారు. వాటితో కప్ప ఊరుకోలేదు సరికదా, మనిషి తూలిపోతూ పట్టపగలు మగతగా పడుండేవారు. ఆ ఏడాది చివర్లో ఆవిడే మావారికి ఫోన్ చేశారు. "చేయించుకుంటాను నాయనా. ఒక్క మాట. అటూ ఇటూ అయితే నన్ను మిషన్లమీద నెలల తరబడి ఉంచకండి. అలా ఉంచితే మీ ప్రేమ తెలుస్తుందేమో గానీ నాకు తెలీదుగా." ఆ మాట చెప్పగలిగిన మనిషికి, ఇంకేదైనా నిర్ణయించుకునే శక్తి లేదని ఎవరనగలరు?

చేశారు. తొడమీద అరచేయంత కమిలిన మచ్చతో, బోలెడు విసుగుతో ఇంటికొచ్చారు. మొదటి నెలల్లో కప్ప మళ్ళీ రెండుమూడుసార్లు గెంతింది. కొన్నాళ్ళు అలా ఉంటుందని ముందే చెప్పారు గనక సరిపోయింది గానీ, లేకపోతే మా ఆడపడుచు నన్ను బతకనిచ్చేది కాదు. తర్వాత అరుదైపోయింది. పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేను.

అయితే ప్రతి "వద్దు" వెనకా ఒక "కావాలి" దాక్కుని ఉంటుందని మాత్రం అనుకోకండి. అదీ పొరపాటే. పార్వతీపురంలో మా పెద్దమ్మకి 81. ఆవిడకీ ఇదే జబ్బు, వేరే పని మీద ఇ.సి.జి. తీస్తే బయటపడింది. నేను అనుభవశాలిని కదా, పరిగెత్తుకెళ్ళి అదే ప్రశ్న వేశాను. "గుండె దడదడ లేకపోతే ఏం చేస్తావు పెద్దమ్మా?" అని. ఆవిడ నన్ను వింతగా చూసి, "దడ ఉందని మీరు చెబితేనే కదే నాకు తెలిసింది! మాత్ర వేసుకుంటున్నాను, ఆవకాయ పెట్టుకుంటున్నాను, ఇంకేం చెయ్యాలి?" అంది. డాక్టరూ అదే అన్నారు. బాధే లేనప్పుడు ఆ వయసులో గొట్టం తొందరేమీ లేదన్నారు. ఆవిడ "వద్దు" నిఖార్సైన "వద్దు". దాన్ని తవ్వడం మర్యాద కాదు.

రామతీర్థంలో మా ఇంటి వసారాలోంచి చూస్తే కొండలు కనిపిస్తాయి. బోధికొండమీద కోవెల శిథిలమైపోకుండా మళ్ళీ కట్టారు. అది సరైన పనే, అక్కడ రోజూ దీపం వెలగాలి. గురుభక్తులకొండ మీద పాత బౌద్ధారామం ఇటుక గోడలున్నాయి. వాటిమీద ఎవరూ కొత్త గోడలు లేపలేదు. ఉన్నవి ఉన్నట్టు కాపాడుతున్నారు. అదీ సరైన పనే. రెంటికీ వయసుంది, రెంటిమీదా గౌరవముంది. దేనికి ఏది తగునో, ఆ చోటుని బట్టే తెలుసుకోవాలి తప్ప, పాతదన్న ఒక్క కారణంతో తేల్చెయ్యకూడదు.

మీ ఇంట్లో కూడా ఒక పెద్దావిడ ఉంటారు. ఏదో ఒకరోజు "నాకెందుకే" అంటారు. ఆ మాట విని హాయిగా ఊపిరి తీసుకునే ముందు, ఇంకొక్క ప్రశ్న వెయ్యండి. ఆ జవాబు వచ్చాక మాత్రం, అది మనకి నచ్చినా నచ్చకపోయినా, దాన్ని నమ్మండి.

2025 శ్రీరామనవమికి మా అత్తగారు స్టీలు డబ్బా తనే పట్టుకుని కల్యాణానికి వచ్చారు. అంతకుముందు రోజు కొండెక్కుదామా అని అడిగితే, "మోకాళ్ళు మాత్రం నిజంగానే నొప్పే. వాటిలోకి ఏ గొట్టమూ పంపలేదుగా" అన్నారు. దిగువన పందిట్లో ఒక పక్కగా కూర్చున్నాం. మంత్రాలు జోరందుకుని, మేళం హోరెత్తుతున్న సమయంలో ఆవిడ చెయ్యి మెల్లిగా ఛాతీమీదికి వెళ్ళింది. నా ప్రాణం గుటుక్కుమంది.

"కప్పా అత్తయ్యా?"

ఆవిడ మంటపం మీదనుంచి చూపు తిప్పకుండానే నా చెయ్యి పట్టుకుని నొక్కారు.

"కాదే పిచ్చిదానా. జీలకర్రా బెల్లం పెడుతున్నారు. ఈ మాత్రం కొట్టుకోకపోతే అది గుండే?"